త్యాగయ్య: ఏనాటి గింజలు ఆనాటికే

తెలుగునేలకు ఎంతో దక్షిణాన, కావేరీ తీరంలో, తమిళుల నడుమ తెలుగు సంగీత సాహిత్యాలు రెండు మూడు శతాబ్దాల పాటు పచ్చగా వర్ధిల్లాయి. 16, 17 శతాబ్దాలలో తంజావూరును ఏలిన నాయకరాజులు తెలుగును అభిమానించి పోషించారు. వారి తరువాత 1670వ దశకంలో అధికారానికి వచ్చిన మరాఠా ప్రభువుల ఇంటి భాష మరాఠీయే అయినా, ఆస్థానంలో తెలుగుకు మన్నన తగ్గలేదు. రాజాదరణను, కావేరీ జలాలతో పండే నేలను నమ్ముకొని ఎన్నో తెలుగు కుటుంబాలు అక్కడికి తరలివెళ్లి స్థిరపడ్డాయి. కాకర్లవారి కుటుంబం అలాంటిదే. వారి పూర్వులది కంభం ప్రాంతంలోని కాకర్ల గ్రామమని, ఇంటిపేరు ఆ ఊరినుండే వచ్చిందని పెద్దలు చెబుతారు.

ఆ వంశంలో రామబ్రహ్మం, సీతమ్మ దంపతులకు 1767 మే 4వ తేదీన తిరువారూరులో త్యాగయ్య జన్మించారు. ఆ క్షేత్రంలో వెలసిన త్యాగరాజస్వామి పేరునే తల్లిదండ్రులు బిడ్డకు పెట్టుకున్నారు. శివుని పేరు ధరించిన ఆ బాలుడు పెరిగి పెద్దవాడై జీవితమంతా రాముణ్ణే కొలవడం విశేషం. కర్ణాటక సంగీతంలో త్రిమూర్తులుగా పేరుపొందిన వారిలో మిగిలిన ఇద్దరు, శ్యామశాస్త్రి, ముత్తుస్వామి దీక్షితులు కూడా ఆ ఊరిలోనే పుట్టారు. ఒక తరంలో ఒక ఊరికి దక్కిన భాగ్యమది.

రామబ్రహ్మం రామాయణాన్ని పురాణంగా చెప్పడంలో దిట్ట. తంజావూరు ప్రభువైన తులజాజీ ఆదరణ ఆయనకు లభించింది. ఆ కారణంగానే కుటుంబం తిరువయ్యారుకు చేరింది. తంజావూరుకు కొద్ది దూరంలో, కావేరి ఒడ్డున ఉన్న ఈ ఊరికి పంచనదక్షేత్రమని మరో పేరు. తిరుమంజన వీధిలోని ఇల్లు త్యాగయ్యకు బాల్యంనుండి తుదిదాకా నివాసమైంది. తండ్రి రామాయణం చెబుతుంటే విని, తల్లి పాడే భక్తుల పాటలు నేర్చి, రామకథను ఆయన పుస్తకంలోకన్నా ముందు ఇంట్లోనే చదువుకున్నారు. పోతన భాగవతం ఆయనకు నిత్యపారాయణ గ్రంథం.

ఆ కాలం ప్రశాంతమైనది కాదు. 1781లో హైదరాలీ సేనలు తంజావూరు సీమపై పడ్డాయి. కోట తప్ప తక్కిన నాడంతా కొన్ని నెలలపాటు శత్రువుల వశమైంది. కాలువలు తెగాయి, పంటలు పోయాయి, కరవు వచ్చింది. అప్పటికి త్యాగయ్యకు పద్నాలుగేళ్లు. అన్నపూర్ణవంటి నేల మీద కూడా మనిషికి అన్నం దొరకకపోవచ్చునని ఆ తరంవారు కళ్లారా చూశారు. తరువాతి జీవితంలో త్యాగయ్య రేపటికని గింజ దాచుకోలేదన్న సంగతిని ఈ నేపథ్యంలో ఉంచి గ్రహించవలసి ఉంది. ఆకలి ఎలాంటిదో తెలియని వారు చేసిన నిర్ణయం కాదది.

తంజావూరు ఆస్థాన విద్వాంసుడైన శొంఠి వేంకటరమణయ్య వద్ద త్యాగయ్య సంగీతం అభ్యసించారు. శిష్యుని ప్రతిభను గురువు తొందరలోనే గుర్తించారు. గురువు నడిచిన దారినే నడిస్తే ఆస్థానంలో స్థానం, సంభావనలు, అగ్రహారాలు అందుబాటులోనే ఉన్నాయి. అయితే ఆ యువకుని మనసు వేరొక సాధనపై నిలిచింది. రామతారక మంత్రాన్ని తొంభై ఆరు కోట్ల పర్యాయాలు జపించాలని ఆయన సంకల్పించారని, ఇరవై ఒక్క సంవత్సరాలలో ఆ సంఖ్యను పూర్తి చేశారని సంప్రదాయం చెబుతోంది. లెక్కవేస్తే రోజుకు సుమారు 1,25,000. సంఖ్య మాట ఎలా ఉన్నా, ఏ పనిలో ఉన్నా పెదవిపై రామనామం నిలిచి ఉండేదని దాని తాత్పర్యం.

తండ్రి గతించిన తరువాత అన్నదమ్ముల మధ్య ఇల్లు రెండు భాగాలైంది. అన్నగారి పేరు జపేశుడు. ఆయన లోకజ్ఞుడు; సంసారం నడవాలంటే ధనం కావాలని తెలిసినవాడు. తమ్ముడికి తండ్రినుండి సంక్రమించిన వాటిలో ఆయన ప్రాణంగా చూసుకొన్నవి సీతా లక్ష్మణ సమేతుడైన శ్రీరాముని విగ్రహాలు. వాటికి నిత్యపూజ, నైవేద్యం, మేలుకొలుపు, పవళింపు అన్నీ ఆయనే స్వయంగా జరిపేవారు. ఇంటిలో పూజ్యుడైన పెద్ద ఒకరు ఉంటే ఆయన భోజనం చేశాకే తక్కినవారు చేసినట్లు, ఆ ఇంటిలో రాముని ఆరగింపు అయ్యాకే మనుషుల భోజనం.

ఆ భోజనానికి ఆధారం ఉంఛవృత్తి. కోత ముగిసిన పొలంలో రాలిపడిన గింజలను ఏరుకొని బతకడమని ఈ మాటకు శాస్త్రార్థం. కాలక్రమంలో దాని రూపం మారింది. భక్తుడు స్నానసంధ్యలు ముగించి, నామసంకీర్తన చేస్తూ వీధులలో నడుస్తాడు. ఎవరి గుమ్మం వద్దా నిలిచి చేయి చాపడు, ఇంత కావాలని అడగడు. పాట విని వచ్చిన గృహిణులు పిడికెడు బియ్యం పాత్రలో పోస్తారు. త్యాగయ్య తంబుర చేతబట్టి శిష్యులతో కలిసి తిరువయ్యారు వీధులలో ఇలాగే నడిచేవారు. వచ్చింది ఆ రోజుకు సరిపోతే చాలు. మరునాటికి నిలవ చేసే అలవాటు లేదు. దీనిని యాచనగా ఎంచినవారు ఆనాడూ ఉన్నారు. కానీ యాచకుడు మనుషులను అడుగుతాడు. త్యాగయ్య వీధిలో పాడిన పాట మనుషులను ఉద్దేశించినది కాదు.

ఆ ఇంట ఒక్కరే ఉండి ఉంటే ఈ నియమం సులభమే. త్యాగయ్య గృహస్థు. మొదటి భార్య పార్వతమ్మ పెళ్లయిన కొన్నేళ్లకే కన్నుమూశారు. పిమ్మట ఆమె చెల్లెలు కమలాంబను వివాహమాడారు. వారికి సీతాలక్ష్మి అనే కుమార్తె. వీరుగాక విద్యకోసం వచ్చి గురువుగారి ఇంటనే ఉండే శిష్యులు, ఏకాదశి భజనలకు వచ్చేవారు, దూరదేశాలనుండి విద్వాంసుని చూడవచ్చే అతిథులు. గురుకులమంటే శిష్యునికి గురువు అన్నం పెట్టాలి. పాత్రలో పడిన గింజలను ఇంతమందికీ సరిపుచ్చే బాధ్యత కమలాంబది. కీర్తనలు ఈ విషయం చెప్పవు. అయినా త్యాగయ్య విశ్వాసాన్ని గురించి చెప్పుకొనేటప్పుడు ఆ వంటింటి ఓర్పును మరువరాదు.

ఇటువంటి స్థితిలోనే తంజావూరు కోటనుండి పిలుపు వచ్చింది. 1798లో సింహాసనమెక్కిన రెండవ శరభోజి విద్యావంతుడు, కళాప్రియుడు. సరస్వతీ మహలు గ్రంథాలయాన్ని అమూల్య గ్రంథాలతో నింపిన పుణ్యం ఆయనదే. 1799లో చేసుకొన్న ఒప్పందంతో రాజ్యపాలన ఈస్టిండియా కంపెనీ చేతికి పోయింది. కోట, దాని పరిసరాలు, ఆదాయంలో కొంత భాగం మాత్రం రాజుకు మిగిలాయి. ఏలడానికి రాజ్యం లేని ఆ ప్రభువుకు విద్యాపోషణే కీర్తి. త్యాగయ్య గానాన్ని విని, ఆస్థానానికి వచ్చి తనపై పాడితే ధనకనకాలిచ్చి సత్కరించాలని ఆయన తలచారని, బహుమానాలతో మనుషులను పంపారని ప్రతీతి. దురాశాపరుడు పన్నిన వల కాదది. గుణగ్రహణం తెలిసిన రాజు మర్యాదగా పంపిన ఆహ్వానం. కాదనడం కష్టమైంది అందుకే.

త్యాగయ్య కాదన్నారు. నిధి చాల సుఖమా అనే కల్యాణి రాగ కీర్తన ఆ సందర్భంలోనే పుట్టిందని చెబుతారు. ఆ కీర్తన నిర్మాణం గమనించదగినది. అందులో రాజును నిందించడం లేదు. ధనం చెడ్డదన్న ఉపదేశమూ లేదు. ఒకవైపు లోకం సుఖమనుకొనేవాటిని, మరోవైపు రాముని సన్నిధిని నిలిపి, ఏది మేలో చెప్పమని అడగడమే ఉంది. అడిగింది కూడా రాజును కాదు, తన మనసును. మనసు ఆవైపు ఒక్కమారైనా చూడకుంటే దానిని అలా నిలదీసి అడగవలసిన అవసరం ఉండదు. ఇంట్లో బియ్యం లేని పూట, గుమ్మంలో బంగారం పళ్లెం ఉండగా, ఆ ప్రశ్నకు జవాబు ముందే సిద్ధంగా ఉన్నదని ఎవరనగలరు?

తమ్ముని తిరస్కారం జపేశునికి ఆగ్రహం తెప్పించింది. ఇంటికి వచ్చిన లక్ష్మిని కాలదన్నిన ఈ పిచ్చికి మూలం ఆ విగ్రహాలేనని తలచి, ఒకనాడు వాటిని తీసుకుపోయి కావేరిలో పారవేశాడని శిష్యుల రచనలవల్ల, పరంపరగా వచ్చిన కథలవల్ల తెలుస్తోంది. ప్రతి ఉదయమూ మేలుకొలిపి, ప్రతి పూటా ఆరగింపు పెట్టిన స్వామి పీఠం మీద లేడు. ఆ రోజులలో త్యాగయ్య నది ఒడ్డున తిరుగుతూ, ఎక్కడని వెదకాలని విలపిస్తూ పాడిన కీర్తనలుగా కొన్ని నేటికీ ప్రచారంలో ఉన్నాయి. కొంతకాలానికి నదిలో నీరు తగ్గినప్పుడు ఇసుకలో విగ్రహాలు దొరికాయని, ఆ ఆనందం బిలహరి రాగంలో కీర్తనగా వెలువడిందని కథ ముగుస్తుంది.

త్యాగయ్య విశ్వాసమంటే కలత ఎరుగని నిశ్చలత్వమని చాలామంది భావిస్తారు. కీర్తనలు చదివితే ఆ అభిప్రాయం నిలవదు. కాపి రాగంలోని ఒక కీర్తనలో ఆయన అన్నగారివల్ల కలిగే బాధను దాచకుండా రామునికే విన్నవించుకొన్నారు. మధ్యమావతి రాగంలోని మరొకదానిలో, ఇల్లు రెండుగా చీలడానికి తానే కారణమని జనులు తనపై వేసిన నిందను ప్రస్తావించి బాధపడ్డారు. ఇరుగుపొరుగు మాటలు సైతం ఆయనను గుచ్చుకొనేవన్నమాట. దయ రాదేమని, పిలిస్తే పలుకవేమని, చాటున దాగి ఉండడం న్యాయమా అని రాముణ్ణి నిలదీసిన కీర్తనలకు లెక్కలేదు. కొన్నింటిలో అలక, కొన్నింటిలో ఎత్తిపొడుపు, మరికొన్నింటిలో కోపమే వినిపిస్తాయి. పంచరత్నాలలో ఆరభి రాగ కీర్తన మొత్తం అటువంటి నిందాస్తుతే. గౌళ రాగ పంచరత్నంలో మాత్రం ఆయన దోషాలన్నీ తనమీదనే వేసుకొన్నారు. కాలాన్ని వృథా చేసినవారి తప్పులను ఏకరువు పెట్టి, అవి తనవేనని ఒప్పుకొని, ఇటువంటివాణ్ణి ఏ దొర కాపాడతాడని ప్రశ్నించారు.

ఇన్ని చింతలలోనూ ఒక్క నియమం తప్పలేదు. కష్టం వచ్చినప్పుడు మొదట పోయి చెప్పుకొన్నది రామునితోనే. అన్నమీద ఫిర్యాదుతో రాజుగారి కొలువుకు వెళ్లలేదు. నిందలకు వీధిలో సమాధానం చెప్పలేదు. మరునాటి ఉదయం తంబుర తీసుకొని అదే వీధిలో, ఆ నిందలు వేసినవారి గుమ్మాల ముందునుండే పాడుకుంటూ నడిచారు.

కుమార్తె సీతాలక్ష్మి వివాహం నిశ్చయమైంది. ఉంఛవృత్తితో గడిచే ఇంట పెళ్లి అంటే ఎంత బరువో ఊహించవచ్చు. శిష్యులు, అభిమానులు తమకు తోచిన సాయం తెచ్చారు. శిష్యులలో ముఖ్యుడైన వాలాజాపేట వేంకటరమణ భాగవతార్ తెచ్చిన కానుక శ్రీరాముని చిత్రపటం. సౌరాష్ట్ర కుటుంబంలో పుట్టిన ఆ శిష్యుడు దానిని మోసుకొని అంతదూరం నడిచివచ్చాడంటారు. దానిని చూడగానే త్యాగయ్యకు పటం కనిపించలేదు. తన ఇంటి శుభకార్యానికి రాముడే కాలినడకన తరలివచ్చాడని తోచింది. మోహన రాగంలో ఆయన ఆ క్షణాన పాడిన కీర్తన నేడు పాడని గాయకుడు లేడు. పెళ్లి ఖర్చుల మాట ఆ కీర్తనలో రాలేదు.

తిరువయ్యారును వీడి ఎక్కువగా తిరగని త్యాగయ్య, డెబ్బై ఏళ్ల వయసు ప్రాంతంలో కాంచీపురం, తిరుపతి మొదలైన క్షేత్రాలను దర్శించారు. ఆ యాత్రలో భాగంగా మద్రాసు సమీపంలోని కోవూరులో సుందరేశ మొదలియారు అనే సంపన్నుని ఆతిథ్యం స్వీకరించారు. తనపై ఒక్క కీర్తన చెప్పించుకోవాలని ఆయన ఆశించారట. త్యాగయ్య ఆ ఊరిలో వెలసిన సుందరేశ్వరునిపై ఐదు కీర్తనలు చెప్పారు. అవే కోవూరు పంచరత్నాలు. గృహస్థు పేరూ, దేవుని పేరూ ఒకటే కావడం చమత్కారం.

మొదలియారు నొచ్చుకోలేదు. గురువుగారు పుచ్చుకోరని తెలిసి, శ్రీరామనవమి ఉత్సవానికని చెప్పి వేయి బంగారు నాణేలను శిష్యులకు రహస్యంగా అప్పగించారని, వారు వాటిని పల్లకిలో దాచారని కథ. దారిలో అడవి పట్టున దొంగలు వెంబడించారు. శిష్యులు భయపడి అసలు సంగతి బయటపెట్టారు. ఆ సొమ్ము తనది కాదు గనుక తనకు దిగులు లేదని, రామకార్యానికి ఉద్దేశించినది గనుక కావాలనుకుంటే రాముడే కాపాడుకొంటాడని త్యాగయ్య తలచారట. తెల్లవారాక దొంగలే వచ్చి, పల్లకికి ముందొకరు వెనుకొకరుగా విల్లంబులతో కాపలా కాసిన ఇద్దరు యువకులెవరని అడిగి పాదాలపై పడ్డారని చెబుతారు. దానిని నమ్మేవారు నమ్ముతారు, కథగా వినేవారు వింటారు. దొంగలు రాకముందే, పల్లకిలో బంగారముందని తెలిసిన క్షణంలోనే త్యాగయ్య చూపిన నిబ్బరం మాత్రం ఆయన జీవితమంతటితో సరిపోలుతుంది. తనది కానిదానిని గురించి దొంగ వచ్చినా భయం లేదు, రాజు ఇచ్చినా ఆశ లేదు.

తిరువాంకూరు ప్రభువు, స్వయంగా వాగ్గేయకారుడైన స్వాతి తిరునాళ్ కూడా వడివేలు అనే విద్వాంసుని ద్వారా ఆయనను ఆహ్వానించినట్లు చెబుతారు. ఆ పిలుపుకూ మునుపటి ఫలితమే కలిగింది. త్యాగయ్య వెళ్లలేదు.

నేడు లభిస్తున్న ఆయన కీర్తనలు దాదాపు ఏడు వందలు. అవిగాక ప్రహ్లాద భక్తి విజయం, నౌకా చరిత్రం అనే గేయనాటకాలున్నాయి. తాను పాడినవాటిని భద్రపరచుకోవాలన్న తలంపు కూడా ఆయనకు ఉన్నట్లు తోచదు. వాలాజాపేట, తిల్లైస్థానం, మానంబుచావడి మొదలైన ఊళ్ల శిష్యులు రాసుకొని, పాడుకొని వాటిని మనకు మిగిల్చారు. శిష్యులకు పెట్టిన అన్నం ఆ విధంగా వృథా పోలేదు.

1845లో కమలాంబ పరమపదించారు. అప్పటికి త్యాగయ్య వయసు డెబ్బై ఎనిమిది. కొండమీద కొలువుదీరిన రాముడు తనకు దర్శనమిచ్చి, పదిరోజులలో చేదుకొంటానని మాట ఇచ్చినట్లు ఆయన సహానా రాగంలో ఒక కీర్తన చెప్పారు. ఆ గడువు సమీపించగా విధివిహితంగా సన్న్యాసం స్వీకరించారు. 1847 జనవరి 6వ తేదీన, పరాభవ సంవత్సర పుష్య బహుళ పంచమినాడు, శిష్యుల భజనల నడుమ దేహం చాలించారు. కావేరి ఒడ్డున సమాధి చేశారు.

కుమార్తె సీతాలక్ష్మి కుమారునికి తాతగారి పేరే పెట్టారు. ఆ మనుమడు సంతానం లేకుండానే మరణించడంతో వంశం అక్కడితో ఆగింది. సమాధి చుట్టూ పొదలు పెరిగాయి. 20వ శతాబ్దపు తొలినాళ్లలో శిష్యుల పరంపరవారు దానిని గుర్తించి ఆరాధనలు ప్రారంభించారు. 1921లో దాని దుస్థితిని ఉత్తరం ద్వారా తెలుసుకొన్న గాయని బెంగుళూరు నాగరత్నమ్మ తిరువయ్యారుకు వచ్చి, ఆ స్థలాన్ని సంపాదించి, తన నగలనూ ఆస్తినీ వెచ్చించి మందిరం కట్టించారు. 1952లో మరణించేదాకా ఆమె ఆ సేవలోనే ఉన్నారు.

ప్రతి సంవత్సరమూ పుష్య బహుళ పంచమినాడు వందలాది గాయకులు అక్కడ చేరి నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగాలలోని పంచరత్న కీర్తనలను ఒకే గొంతుతో పాడతారు. అంతకుముందు, ఆ ఉదయం, తిరుమంజన వీధిలోని ఇంటినుండి సమాధిదాకా ఉంఛవృత్తి భజన బయలుదేరుతుంది. తంబుర మీటుకుంటూ విద్వాంసులు ముందు నడుస్తారు.